నెలలు నిండని ప్రసవంపై కాలుష్య ప్రభావం

నెలలు నిండని ప్రసవం అనగా గర్భధారణలో 37 వారాలు పూర్తి కాకముందే జరిగే ప్రసవం. దీనినే అకాల ప్రసవం అని కూడా అంటారు. తల్లికి ఉండే అధిక రక్తపోటు, మధుమేహం, సూక్ష్మజీవుల వలన కలిగే వ్యాధులు, కవల గర్భం, రక్తహీనత, గతంలో జరిగిన అకాల ప్రసవం మొదలైనవి ఇందుకు తెలిసిన కారణాలు. గర్భిణి పీల్చే గాలి ద్వారాను, త్రాగే నీరు, తినే ఆహారం, వాడే వస్తువుల ద్వారాను శరీరంలోకి చేరే కాలుష్య పదార్థాలకు కూడా ఇందులో పాత్ర ఉన్నదని గత కొన్ని దశాబ్దాల పరిశోధనలు సూచిస్తున్నాయి. కాలుష్యం వలన ఒక్కొక్క గర్భిణికి పెరిగే ప్రమాదం స్వల్పమే. అయితే ఆ గాలిని ఊరంతా పీల్చవలసిందే కనుక మొత్తం మీద నష్టపోయే శిశువుల సంఖ్య చాలా పెద్దది.

నెలల లెక్క

వైద్యశాస్త్రంలో గర్భకాలాన్ని చివరి బహిష్టు మొదటి రోజు నుండి లెక్కిస్తారు. ఈ లెక్క ప్రకారం పూర్తి గర్భకాలం 40 వారాలు, అనగా 280 రోజులు. 37 వారాలకు ముందు పుట్టిన శిశువులను మూడు తరగతులుగా విభజించారు. 28 వారాల లోపు పుట్టినవారు మొదటి తరగతి, 28 నుండి 32 వారాల లోపు పుట్టినవారు రెండవ తరగతి, 32 నుండి 37 వారాల లోపు పుట్టినవారు మూడవ తరగతి. అకాల ప్రసవాలలో అత్యధిక భాగం మూడవ తరగతికి చెందినవే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 34 లక్షల మంది శిశువులు నెలలు నిండకుండా పుట్టారు. అంటే పుట్టిన ప్రతి పదిమందిలో ఒకరు. వీరిలో సుమారు 30 లక్షల మంది భారతదేశంలోనే పుట్టారు. సంఖ్య రీత్యా ఇది అన్ని దేశాలకంటే ఎక్కువ. అకాల జననం వలన తలెత్తే ఇబ్బందులతో 2019లో అయిదేళ్ళలోపు పిల్లలు సుమారు 9 లక్షల మంది మరణించారు. బ్రతికి బట్టకట్టినవారిలో కొందరికి ఊపిరితిత్తుల బలహీనత, చూపు, వినికిడి లోపాలు, చదువులో వెనుకబాటు మిగిలిపోతాయి.

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకుతుందని, ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ బ్రతకదని తెలుగునాట ఒక నమ్మకం ఉన్నది. ఇది శాస్త్రసమ్మతం కాదు. గర్భంలో గడిపే ప్రతి వారమూ శిశువు ఊపిరితిత్తులకు, మెదడుకు మేలు చేస్తుంది. ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డకంటే బ్రతికే అవకాశం ఎక్కువ. కాలుష్యం గర్భకాలాన్ని ఒకటి రెండు వారాలు తగ్గించినా దానిని తేలికగా తీసుకోరాదనడానికి కారణం ఇదే.

అకాల ప్రసవాలన్నీ ఒకే విధంగా జరగవు. కొన్నింటిలో నొప్పులు ముందుగానే మొదలవుతాయి, లేదా ఉమ్మనీటి సంచి ముందే పగులుతుంది. మరికొన్నింటిలో తల్లికి గుర్రపువాతం లక్షణాలు కనిపించడం వలనగాని, లోపల శిశువు ఎదుగుదల ఆగిపోవడం వలనగాని వైద్యులే ముందుగా ప్రసవం చేయవలసి వస్తుంది. కాలుష్యం ఈ రెండు మార్గాలలోనూ పనిచేయగలదు.

కాలుష్యం గర్భాన్ని చేరే విధానం

గాలిలోని కాలుష్యాలలో ఎక్కువగా పరిశోధించబడినది సూక్ష్మ ధూళి. 2.5 మైక్రాన్లు, అంతకంటే తక్కువ వ్యాసం గల కణాలను పి.ఎం. 2.5 అని వ్యవహరిస్తారు. ఇవి తలవెంట్రుక మందంలో సుమారు ముప్పైయవ వంతు ఉంటాయి. వాహనాల పొగ, బొగ్గు విద్యుత్ కేంద్రాలు, ఇటుక బట్టీలు, కట్టెల పొయ్యిలు, పంట వ్యర్థాలను, చెత్తను తగులబెట్టడం వీటి పుట్టిళ్ళు. ముక్కులోను, గొంతులోను ఆగిపోయే పెద్ద ధూళివలె కాక ఇవి ఊపిరితిత్తుల చివరి గాలిగదుల వరకు పోతాయి. వాటిలో మరీ చిన్నవి రక్తంలో కలుస్తాయి.

తల్లికి, శిశువుకు మధ్య ఉండే మాయ ఇటువంటి కణాలను అడ్డుకొంటుందని చాలాకాలం భావించారు. బెల్జియం దేశంలోని హాసెల్ట్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2019లో మాయకు శిశువు వైపున ఉన్న పొరలలో నల్లని మసి కణాలను కనుగొన్నారు. ఎక్కువ కాలుష్యంలో నివసించిన తల్లుల మాయలలో ఈ కణాలు ఎక్కువగా ఉన్నాయి. 2022లో ఇదే బృందం స్కాట్లండులోని అబర్దీన్ విశ్వవిద్యాలయంతో కలసి జరిపిన పరిశోధనలో పిండాల కాలేయం, ఊపిరితిత్తులు, మెదడులలో కూడా మసి కణాలు కనిపించాయి. తొలి శ్వాస తీయకముందే శిశువు శరీరంలోకి పొగమసి చేరుతున్నదని దీనివలన తేలింది.

అయితే మసి చేరడం వేరు, నొప్పులు ముందుగా రావడం వేరు. ఈ రెంటికీ నడుమ ఉన్న గొలుసులో ముఖ్యమైన లంకె దేహంలో పుట్టే వాపు అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. గర్భాశయం ఒక కండరపు సంచి. నెలలు నిండేవరకు దానిని ప్రొజెస్టిరాన్ అనే హార్మోను కదలకుండా ఉంచుతుంది. ప్రసవ సమయం దగ్గరపడినప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరిగి గర్భాశయ ముఖద్వారాన్ని మెత్తబరచి, నొప్పులను పుట్టిస్తాయి. దేహంలో ఎక్కడైనా వాపు కలిగినప్పుడు కూడా ఈ ప్రోస్టాగ్లాండిన్లు పుడతాయి. ధూళికణాల వలన ఊపిరితిత్తులలో రేగిన వాపు రక్తం ద్వారా వ్యాపించి, ప్రసవానికి సమయం కాకముందే సంకేతం ఇస్తుందని భావిస్తున్నారు. ఇది కాక, ధూళికణాలు రక్తనాళాలను దెబ్బతీసి మాయకు రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి, తల్లి రక్తపోటును పెంచుతాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది.

గర్భంలోని ఏ నెలలో కాలుష్యం ఎక్కువ హాని చేస్తుందనే విషయంలో ఏకాభిప్రాయం లేదు. కొన్ని పరిశోధనలు నడిమి మూడు నెలలను, కొన్ని చివరి నెలలను పేర్కొన్నాయి.

నిదర్శనాలు

గర్భిణులను రెండు జట్లుగా చేసి ఒక జట్టును పొగలో ఉంచి చూడడం ఎవరూ చేయరాని పని. అందువలన చాలా పరిశోధనలు కాలుష్యం ఎక్కువగా ఉన్న చోట్ల పుట్టిన శిశువులను, తక్కువగా ఉన్న చోట్ల పుట్టినవారితో పోల్చాయి. ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఫ్యాక్టరీ పక్కన, రహదారి అంచున ఇల్లు కట్టుకొనేది సాధారణంగా పేదవారు. పోషకాహార లోపం, బరువు పనులు, వైద్యం అందకపోవడం వంటి కారణాలు వారికి ఎలాగూ ఉంటాయి. అకాల ప్రసవానికి పొగ కారణమా, పేదరికం కారణమా అని తేల్చడం కష్టం. కనుక ఏదో ఒక కారణం చేత కాలుష్యం అకస్మాత్తుగా ఆగిపోయిన సందర్భాలకు ఈ శాస్త్రంలో విశేషమైన విలువ ఉన్నది. మనుషులు వారే, ఇళ్ళు అవే, మారినది గాలి మాత్రమే.

ఇటువంటి సందర్భాలలో ప్రసిద్ధమైనది అమెరికాలోని యూటా లోయ ఉదంతం. చుట్టూ కొండలు ఉన్న ఈ లోయలో శీతకాలంలో చల్లని గాలి క్రిందనే నిలిచిపోయి పొగ బయటకు పోదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నిర్మించిన జెనీవా ఉక్కు కర్మాగారం ఇక్కడి ధూళికి ప్రధాన కారణం. కార్మిక వివాదం వలన ఈ కర్మాగారం 1986 ఆగస్టు నుండి 1987 సెప్టెంబరు వరకు సుమారు 13 నెలలు మూతపడింది. తరువాత కొత్త యాజమాన్యం క్రింద మరల తెరచుకొన్నది. బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్డెన్ పోప్ ఆసుపత్రి లెక్కలు పరిశీలించి, కర్మాగారం నడిచిన శీతకాలాలలో శ్వాసకోశ వ్యాధులతో ఆసుపత్రిలో చేరిన పిల్లల సంఖ్య, అది మూతపడిన శీతకాలం కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ అని 1989లో ప్రకటించాడు.

ఆ తరువాత చాలాకాలానికి పార్కర్, మెండోలా, వుడ్రఫ్ అనే పరిశోధకులు అదే లోయలోని జనన నమోదులను తీసుకొని 2008లో ఒక పత్రం ప్రచురించారు. కర్మాగారం మూతపడిన కాలంలో గర్భవతులుగా ఉన్న తల్లులకు, అంతకు ముందు, ఆ తరువాత గర్భం దాల్చిన తల్లులకంటే అకాల ప్రసవాలు తక్కువగా జరిగాయి. గర్భం నడిమి మూడు నెలలు మూసివేత కాలంలో పడినవారిలో ఈ తేడా స్పష్టంగా ఉన్నది. లోయ వెలుపలి తల్లులలో ఆ కాలంలో అటువంటి మార్పు లేదు. విచిత్రమేమిటంటే శిశువుల బరువులో మాత్రం నిలకడైన తేడా కనిపించలేదు. కాలుష్యం శిశువు ఎదుగుదలకంటే ప్రసవ సమయాన్నే ఎక్కువగా కదిలించిందని దీనిని బట్టి ఊహించవచ్చు. కర్మాగారాన్ని 2001లో శాశ్వతంగా మూసివేశారు.

రెండవ ఉదాహరణ టోల్‌గేట్లది. అమెరికాలోని న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాలలో వాహనాలు ఆగకుండానే రుసుము చెల్లించే ఈజీ పాస్ విధానం 1990 దశకం చివరలో మొదలైంది. భారతదేశంలో 2021లో తప్పనిసరి చేసిన ఫాస్టాగ్ వంటిదే ఇదీను. టోల్‌గేట్ల వద్ద వాహనాలు బారులు తీరి పొగ వదలడం తగ్గింది. జానెట్ కర్రీ, రీడ్ వాకర్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం టోల్‌గేటుకు 2 కిలోమీటర్ల లోపు నివసించే తల్లులలో అకాల ప్రసవాలు, 2 నుండి 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నవారితో పోలిస్తే, 10.8 శాతం తగ్గాయి. తక్కువ బరువుతో పుట్టే శిశువుల సంఖ్య 11.8 శాతం తగ్గింది. ఆ విధానాన్ని ప్రవేశపెట్టినవారి ఉద్దేశం రద్దీ తగ్గించడమే తప్ప శిశువుల ఆరోగ్యం కాదు.

కాలిఫోర్నియాలో 2001, 2011 మధ్య బొగ్గు, చమురుతో నడిచే ఎనిమిది విద్యుత్ కేంద్రాలను మూసివేశారు. వాటికి 5 కిలోమీటర్ల లోపు నివసించేవారిలో అకాల ప్రసవాలు 7 శాతం నుండి 5.1 శాతానికి తగ్గినట్లు 2018లో వెలువడిన పరిశోధన తెలిపింది.

పొగాకు పొగ కూడా ఈ కోవలోనిదే. స్కాట్లండులో 2006 మార్చిలో బహిరంగ ప్రదేశాలలో ధూమపానాన్ని నిషేధించిన తరువాత అకాల ప్రసవాలు సుమారు పదవ వంతు తగ్గాయి. బెల్జియంలో నిషేధం మూడు విడతలుగా అమలైంది. 2006లో పని స్థలాలలో నిషేధించినప్పుడు మార్పు కనిపించలేదు. 2007లో భోజనశాలలలో, 2010లో ఆహారం వడ్డించే మద్యశాలలలో నిషేధించినప్పుడు మాత్రం ప్రతి విడతకూ అకాల ప్రసవాలు తగ్గుతూ వచ్చాయి. భారతదేశంలో బహిరంగ ధూమపాన నిషేధ నియమాలు 2008 అక్టోబరు 2 నుండి అమలులోకి వచ్చాయి. ఉత్తరాంధ్రలో కొందరు స్త్రీలకు నిప్పు వైపు నోటిలో పెట్టుకొని చుట్ట కాల్చే అలవాటు ఉన్నది. దీనిని అడ్డపొగ అంటారు. నోటి క్యాన్సరుకు సంబంధించి దీనిపై చాలా పరిశోధనలు జరిగాయి. గర్భిణుల విషయంలోనూ ఇది పట్టించుకోదగిన అలవాటే.

2020లో కోవిడ్ లాక్‌డౌన్ల సమయంలో డెన్మార్క్, ఐర్లండు దేశాల నుండి మరీ ముందుగా పుట్టే శిశువుల సంఖ్య బాగా తగ్గినట్లు వార్తలు వచ్చాయి. గాలి శుభ్రపడడమే కారణమని కొందరు తొందరపడి చెప్పారు. 26 దేశాలలోని 5 కోట్లకు పైగా జననాలను పరిశీలించి 2023లో ప్రచురించిన పరిశోధనలో ఈ తగ్గుదల లాక్‌డౌన్ తొలి మూడు నెలలలో 3, 4 శాతం మాత్రమే అని తేలింది. నేపాల్ ఆసుపత్రులలో దీనికి విరుద్ధంగా అకాల ప్రసవాల శాతం పెరిగింది. అక్కడ ఆసుపత్రికి చేరగలిగిన గర్భిణుల సంఖ్యే సగానికి పడిపోయింది. గాలి, పని, ప్రయాణం, వైద్యం అన్నీ ఒక్కసారిగా మారిన కాలం కనుక దీనిని యూటా ఉదంతంతో సమానమైన సాక్ష్యంగా తీసుకోవడానికి వీలులేదు.

ఇతర కాలుష్య పదార్థాలు

థాలేట్లు: ఇవి ప్లాస్టిక్‌ను మెత్తగా చేయడానికి, సుగంధ ద్రవ్యాల వాసన నిలపడానికి వాడే రసాయనాలు. ఇవి హార్మోన్ల పనిలో జోక్యం చేసుకొంటాయి. అమెరికాలో జరిగిన 16 పరిశోధనలలోని 6,045 మంది గర్భిణుల వివరాలను కలిపి 2022లో విశ్లేషించారు. మూత్రంలో కొన్ని థాలేట్ల అవశేషాలు ఎక్కువగా ఉన్నవారిలో అకాల ప్రసవానికి అవకాశం 12 నుండి 16 శాతం ఎక్కువ అని తేలింది.

డి.డి.టి.: అమెరికాలో 1959, 1966 మధ్య ప్రసవించిన తల్లుల నుండి సేకరించి భద్రపరచిన రక్తాన్ని దశాబ్దాల తరువాత పరీక్షించారు. డి.డి.టి. విరిగినప్పుడు ఏర్పడే డి.డి.ఇ. రక్తంలో పెరిగేకొద్దీ అకాల ప్రసవాలు కూడా పెరిగినట్లు 2001లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. అమెరికాలో దీని వాడకాన్ని 1972లో నిషేధించారు. భారతదేశంలో 1953లో మొదలైన మలేరియా నివారణ కార్యక్రమంలో ఇంటి గోడలపై పిచికారీ చేసిన మందు ఇదే. మలేరియా వలన కూడా గర్భిణులకు తీవ్రమైన హాని కలుగుతుంది కనుక దీని లాభనష్టాలను ఒక్క మాటలో తేల్చలేము.

సీసం: ఎముకలలో ఏళ్ళ తరబడి నిలువ ఉండి, గర్భధారణలో శిశువు కోసం తల్లి ఎముకల నుండి కాల్షియం కరిగేటప్పుడు దానితోపాటు రక్తంలోకి వస్తుంది. చిన్నతనంలో తల్లి శరీరంలో చేరిన సీసం ఈ విధంగా శిశువును చేరుతుంది. ఆస్ట్రేలియాలో సీసం కరిగించే కర్మాగారం ఉన్న పోర్ట్ పిరీ పట్టణంలో జరిగిన పరిశోధన, తల్లి రక్తంలో సీసానికి, అకాల ప్రసవానికి సంబంధం ఉన్నట్లు 1986లో తెలిపింది. భారతదేశంలో సీసం కలిపిన పెట్రోలును 2000లో నిలిపివేశారు. పాత బ్యాటరీలను కరిగించే చోట్లు, కొన్ని రంగులు, కొన్ని రకాల సింధూరం, సుర్మా, రంగు కలిపిన కల్తీ పసుపు ద్వారా సీసం ఇప్పటికీ శరీరంలో చేరే అవకాశం ఉన్నది.

వంటింటి పొగ

భారతదేశంలో గర్భిణులు పీల్చే పొగలో చాలా భాగం ఇంటిలోనే పుడుతుంది. కట్టెలు, పిడకలు, పత్తికంప, జొన్నచొప్ప మండించినప్పుడు వంటగదిలో ధూళి నగర రహదారులపై కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. పొయ్యి ముందు కూర్చొని ఊదుగొట్టంతో ఊదే స్త్రీ ఆ పొగను నేరుగా పీలుస్తుంది. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 1999లో ప్రారంభమైన దీపం పథకం పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఉజ్జ్వల పథకాన్ని ప్రారంభించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 58.6 శాతం కుటుంబాలు వంటకు శుభ్రమైన ఇంధనం వాడుతున్నట్లు తేలింది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇది పదింట ఎనిమిదికి పైగాను, తెలంగాణలో పదింట తొమ్మిదికి పైగాను ఉన్నది. అయితే ఈ లెక్క ప్రధానంగా వాడే వంట ఇంధనం గురించినది మాత్రమే. గ్యాస్ ఉన్న ఇళ్ళలో కూడా స్నానాలకు నీళ్ళు కాచేది, ధాన్యం ఉడకబెట్టేది చాలాచోట్ల కట్టెల పొయ్యి మీదనే.

గ్యాస్ ఇస్తే ప్రసవ ఫలితాలు మెరుగుపడతాయా అన్న ప్రశ్నకు సమాధానం అంత సులభంగా దొరకలేదు. తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ, రువాండాలలో సుమారు 3,200 మంది గర్భిణులతో హాపిన్ అనే ప్రయోగం జరిగింది. భారతదేశంలో దీనికి కల్పనా బాలకృష్ణన్ నాయకత్వం వహించారు. సగం మందికి గ్యాస్ పొయ్యి, గ్యాస్ ఉచితంగా ఇచ్చారు. వారు పీల్చే ధూళి సుమారు మూడవ వంతుకు తగ్గింది. కానీ 2022లో వెలువడిన ఫలితాలలో శిశువుల సగటు బరువు తేడా 20 గ్రాముల వరకే ఉన్నది. అది గణాంకశాస్త్రం దృష్ట్యా నిశ్చయమైనది కాదు. ప్రయోగంలో చేరేనాటికే వారు 9 నుండి 20 వారాల గర్భవతులు. తగ్గిన తరువాత మిగిలిన ధూళి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణానికి ఎన్నో రెట్లు పైనే ఉన్నది. గ్యాస్ వలన లాభం లేదని దీనికి అర్థం చెప్పుకోరాదు. గర్భం వచ్చిన తరువాత మొదలుపెట్టిన జాగ్రత్త, వీధిలోని గాలిని మార్చలేని జాగ్రత్త సరిపోకపోవచ్చునని మాత్రం చెప్పవచ్చు.

ప్రమాద పరిమాణం

వేయిమంది గర్భిణులలో నూరుమందికి అకాల ప్రసవం జరిగే ఊరిలో కాలుష్యం ఆ ప్రమాదాన్ని పది శాతం పెంచితే ఆ సంఖ్య 110 అవుతుంది. ఆ అదనపు పదిమంది ఎవరో ఏ వైద్యుడూ వేలెత్తి చూపలేడు. ఏ ఆసుపత్రి రికార్డులోను ప్రసవ కారణం అన్న చోట గాలి అని వ్రాయరు. 2017లో ప్రచురించిన ఒక అంచనా ప్రకారం 2010లో ప్రపంచంలో సుమారు 27 లక్షల అకాల ప్రసవాలకు పి.ఎం. 2.5తో సంబంధం ఉన్నది. ఇది మొత్తం అకాల ప్రసవాలలో 18 శాతం. అందులో సుమారు 10 లక్షలు భారతదేశానివే. 2019వ సంవత్సరానికి ఇంటి పొగను కూడా కలిపి వేసిన మరొక అంచనా 59 లక్షలు. రెండు అంచనాల మధ్య ఇంత తేడా ఉండడాన్ని బట్టి ఈ లెక్కలను ఉజ్జాయింపుగానే గ్రహించాలి.

ప్రమాణాలు, జాగ్రత్తలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో పి.ఎం. 2.5 వార్షిక సగటు ఘనపు మీటరు గాలిలో 10 మైక్రోగ్రాములకు మించరాదని సూచించింది. 2021లో దానిని 5కు తగ్గించింది. భారతదేశం 2009లో నిర్ణయించిన ప్రమాణం 40 మైక్రోగ్రాములు. 2019లో ప్రారంభమైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం క్రింద ప్రమాణాలను అందుకోలేని నగరాలను గుర్తించారు. వాటిలో హైదరాబాదు, నల్గొండ, పటాన్‌చెరు, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు, కర్నూలు ఉన్నాయి.

గర్భిణి తనంతట తాను తీసుకోగల జాగ్రత్తలు పరిమితమైనవి. వంట గ్యాసుపై చేయడం, నీళ్ళు కాచే పొయ్యిని గదిలో కాక ఆరుబయట పెట్టడం, ఆ పని ఇంటిలోని ఇతరులు చేయడం, ఇంటిలో ఎవరూ చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చకుండా చూడడం, చెత్త తగులబెట్టే చోటికి దూరంగా ఉండడం, పొగమంచు పట్టిన రోజులలో రద్దీ రహదారుల వెంట నడవకపోవడం ముఖ్యమైనవి. మామూలు గుడ్డ ముసుగు సూక్ష్మ ధూళిని ఆపలేదు. ఎన్-95 రకం ముసుగు చాలావరకు ఆపుతుంది. తొలి మూడు నెలలలోనే స్కానింగ్ చేయించుకొంటే నెలల లెక్క సరిగా తెలుస్తుంది. గ్రామాలలో బహిష్టు తేదీ జ్ఞాపకం మీద ఆధారపడినప్పుడు రెండు మూడు వారాల పొరపాటు సామాన్యం. నెలలు నిండకుండా పుట్టిన శిశువు ఊపిరితిత్తులు బలహీనంగా ఉంటాయి కనుక పురిటి గదిలో నిప్పుల కుంపటి పెట్టడం, స్నానం చేయించిన తరువాత సాంబ్రాణి పొగ వేయడం అటువంటి శిశువుల విషయంలో మానుకోవాలి.